గోడ కొయ్యకముందు ఇది చదువు

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ అమలాపురం నుంచి ఫోన్ చేసింది. నువ్వు పాత పాప్-అప్ క్యాంపర్ (కారు వెనక లాక్కెళ్లి, ఆగిన చోట పైకి విప్పుకునే కాన్వాస్ గుడారపు బండి) కొన్నావట, దానికి నీ చేత్తోనే వాటర్ హీటర్ బిగిస్తావట, అక్టోబర్‌లో పాపని తీసుకుని స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి వెళ్తారట. చెబుతూ మురిసిపోయింది. నేనూ మురిశాను. నేను సెలవులకి ఇంటికొచ్చినప్పుడల్లా స్క్రూడ్రైవర్ పట్టుకుని నా వెనకే తిరిగినవాడివి కదా. ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

హీటర్ వద్దని అనను. ఆ పార్కు క్యాంప్‌గ్రౌండ్లలో షవర్లు లేవు, కుళాయిల్లో చన్నీళ్లే. అక్టోబర్ చలిలో పసిపిల్లతో ఉండాలంటే వేన్నీళ్లు కావాల్సిందే.

నీకు తెలిసినవి గబగబా చెప్పేస్తాను. ఆరు గ్యాలన్ల ట్యాంక్ చాలు, అంటే సుమారు 23 లీటర్లు. చన్నీళ్లు కలిపి బకెట్, చెంబుతో పోసుకుంటే ముగ్గురికీ సరిపోతాయి. నిండితే నీళ్ల బరువే 50 పౌండ్లు, కాబట్టి ఖాళీ చేశాకే బండి లాగు. ట్యాంక్ నిండి, కుళాయిలో నీళ్లు ధారగా వచ్చేదాకా హీటర్ వెలిగించకు. గ్యాస్ జాయింట్ బిగించిన ప్రతిసారీ సబ్బు నురుగు రాసి చూడు, బుడగ వస్తే విప్పి మళ్లీ బిగించు. ట్యాంక్‌లో ఒత్తిడి పెరిగితే వదిలేసే ప్రెజర్ రిలీఫ్ వాల్వ్ కారుతోందని దానికి ఎప్పుడూ బిరడా పెట్టకు. స్టీల్ ట్యాంక్ అయితే లోపలి యానోడ్ రాడ్ (ట్యాంక్ తుప్పు పట్టకుండా తను అరిగిపోయే కడ్డీ) ఏడాదికోసారి తీసి చూడు. నీళ్లు గడ్డకట్టే చలి రాకముందే ట్యాంక్, పైపులు ఖాళీ చెయ్యి. పాపకి స్నానం పోసేటప్పుడు బకెట్లో ముందు చన్నీళ్లు, ఆ తర్వాతే వేన్నీళ్లు. ఈ హీటర్లలో నీళ్లు 140 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 60 సెల్సియస్ దాకా కాగుతాయి. ఆ వేడికి పెద్దవాళ్ల చర్మమే ఐదారు సెకన్లలో కాలిపోతుంది.

ఇక అసలు విషయం. మీ అమ్మకి కూడా ఇన్నేళ్లుగా చెప్పలేదు.

1998 అక్టోబర్. మాదీ పాప్-అప్పే. నువ్వు చేయబోతున్నట్టే పక్కగోడ కోసి నేనే గ్యాస్ హీటర్ పెట్టాను. దాని తలుపు, పొగ పోయే దారి గోడ బయటివైపు ఉంటాయి. గ్యాస్ పైపు, సింకు అక్కడికి దగ్గరని, సరిగ్గా కాన్వాస్ కిటికీ కింద పెట్టాను. పని నీట్‌గా వచ్చింది. చుట్టూ నీళ్లు చొరబడకుండా బ్యుటైల్ టేప్ వేశాను, చుక్క కారలేదు. కొలంబస్ నుంచి ఏడు గంటలు నడుపుకుంటూ ఆ పార్కులోని ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్ చేరాం. మీ అత్త పులిహోర కట్టి తెచ్చింది.

సాయంత్రం నుంచి సన్నగా వాన. హీటర్ తడుస్తోందని పైనుంచి ఒక టార్పాలిన్ దించి, కింద రెండు తాళ్లతో గోడకి దగ్గరగా లాగి కట్టాను. పొద్దున్నే వేన్నీళ్లు సిద్ధంగా ఉండాలని రాత్రంతా ఆన్‌లోనే ఉంచాను. లోపల చెమ్మ పట్టకుండా పైన కిటికీ జిప్ జానెడు తెరిచి పడుకున్నాం.

ఏం చేశానో చూశావా? పొగ బయటికి పోయే దారి మూసేశాను. మంటకి కొత్త గాలి అందలేదు, వదిలిన పొగనే అది మళ్లీ పీల్చుకుంది. గాలి సరిపోని మంట కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు కక్కుతుంది. అది టార్పాలిన్ లోపలే పైకి పాకి, నేను తెరిచి ఉంచిన కిటికీలోంచి మా మీదికే వచ్చింది.

రాత్రి రెండింటికి మా అమ్మాయి వాంతి చేసుకుంది. అప్పుడు దానికి ఆరేళ్లు. తలనొప్పి అని ఏడ్చింది. పులిహోర పాడైందనుకున్నాం. మీ అత్తకీ తల పగిలిపోతోంది. నా తల కూడా దిమ్ముగానే ఉంది కానీ డ్రైవింగ్ అలసట అనుకున్నాను. పిల్లని బయటికి తీసుకెళ్లి మొహం కడిగితే పది నిమిషాల్లో తేరుకుంది. లోపలికి తెచ్చి పడుకోబెట్టాను. కాసేపటికి మళ్లీ వాంతి. మళ్లీ బయటికి, మళ్లీ తేరుకోవడం, మళ్లీ నేనే లోపలికి తేవడం. మూడోసారి తెస్తుంటే మీ అత్త గుమ్మంలో అడ్డంగా నిలబడింది. "బయట బాగుంటోంది, లోపలికొస్తేనే ఇలా అవుతోంది. ఇక నా పిల్లని లోపలికి తేవద్దు" అంది. అప్పటిగ్గానీ నా బుర్రకి తట్టలేదు.

హీటర్ ఆపి, తెల్లారేదాకా కారులో కూర్చున్నాం. వెలుతురు వచ్చాక చూస్తే టార్పాలిన్ లోపలివైపు నల్లగా మసి. ఆస్పత్రిలో ముగ్గురికీ ఆక్సిజన్ పెట్టారు. ఆ మాస్క్ అమ్మాయి మొహానికి పెద్దది, నర్సు చేత్తో పట్టుకుని కూర్చుంది. నాకు ఇప్పటికీ ఆ మాస్కే కళ్లలో ఆడుతుంది.

అలారం లేదా అంటావు. ఉంది. పొగకీ, మోనాక్సైడ్‌కీ కలిపి ఒకటే. మీ అత్త పోపు వేసినప్పుడల్లా మోగుతోందని బ్యాటరీ పీకి డ్రాయర్లో పడేసింది నేనే.

హీటర్‌లో మండే గ్యాస్, ప్రొపేన్‌కి వాసన కలుపుతారు కాబట్టి లీకైతే ముక్కు పట్టేస్తుంది. మోనాక్సైడ్‌కి ఏ వాసనా ఉండదు. నిద్రలో ఉన్నవాడికి తెలిసే దారే లేదు. ప్రొపేన్ గాలికన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది కాబట్టి దాని లీకు పట్టే డిటెక్టర్ కింద పెట్టు. మోనాక్సైడ్ అలారం మీరు పడుకునే చోటికి దగ్గరగా పెట్టు. దాని వెనక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే మార్చెయ్యి.

మా అమ్మ, అంటే మీ అమ్మమ్మ, తెల్లవారుజామున లేచి పెరట్లో రాగి కాగు కింద కొబ్బరి డొక్కలు రాజేసేది. వాన పడినా ఆ పొయ్యి వసారాలోకి రానిచ్చేది కాదు. తడుస్తూనే ఊదుకునేది. ఎందుకే అమ్మా అంటే, పొగ దాని దారిన అది పోవాలిరా అనేది. నేను ఇంజనీరింగ్ చదివి కూడా ఆ మాట మర్చిపోయాను.

కాబట్టి విను. హీటర్ తలుపు కిటికీ కింద వద్దు, బయటికి లాగే మంచాల కింద వద్దు. నీ క్యాంపర్‌లో అలాంటి చోటే లేకపోతే గోడ కొయ్యకు. బయట తగిలించుకునే చిన్న గ్యాస్ హీటర్లు దొరుకుతాయి, అది కొనుక్కో. ఎంత వాన వచ్చినా దాన్ని లోపలికి తేకు. ఏ హీటరైనా స్నానాలయ్యాక ఆపెయ్యి. పొద్దున మళ్లీ వెలిగిస్తే అరగంటలో కాగుతాయి. కోపంగా రాస్తున్నాననుకోకు నాన్నా. నీ చేతి పని మీద నాకు అనుమానం లేదు. నా పని కూడా బాగానే వచ్చింది మరి.

పెన్సిల్‌తో గుర్తు పెట్టాక ఫోటో పంపు. రమ్మంటే శనివారం షార్లెట్ వచ్చేస్తాను, ఇద్దరం కలిసి కోద్దాం.

ఈరోజు రెండు అలారాలు పోస్ట్ చేశాను. బుధవారానికి అందుతాయి. అందాక బటన్ నొక్కి, ఆ మోత నాకు ఫోన్‌లో వినిపించు.

మామయ్య