టీవీకీ పాటలకీ ఒకే సెట్: సౌండ్‌బారా, జత స్పీకర్లా?
10×12 అడుగుల హాల్లో పాటలు ఎక్కువగా వినేవాళ్లకు ఆంప్లిఫయర్ లోపలే ఉన్న జత స్పీకర్లు మేలు. సౌండ్‌బార్‌లో ఎడమ, కుడి స్పీకర్లు మరీ దగ్గరగా ఉంటాయి కాబట్టి స్టీరియో విప్పారదు. సీరియళ్లు, వార్తలే ముఖ్యమైతే మాటలు వినిపించే మధ్య ఛానల్ ఉన్న 3.1 బార్ (మూడు ఛానళ్లు, బేస్‌కు ఒక సబ్‌వూఫర్) చాలు.

హెచ్‌డీఎంఐ ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ కేబుల్‌తోనే స్పీకర్‌కు పంపే పోర్టు) ఉన్నదే కొనండి. సీఈసీ (అదే కేబుల్‌తో ఒక పరికరం ఇంకోదాన్ని నడిపే సెట్టింగ్) ఆన్ చేస్తే టీవీ రిమోట్‌తోనే వాల్యూమ్ మారుతుంది. ఆప్టికల్ కేబుల్ (కాంతితో శబ్దాన్ని పంపే తీగ) పెట్టాక అసలు శబ్దమే రాకపోతే స్పీకర్ పాడైందని కంగారు పడొద్దు. చాలాసార్లు కారణం ఇదే: టీవీ డాల్బీ (కుదించిన ఆడియో) పంపుతోంది, దాన్ని విప్పే డీకోడర్ స్పీకర్‌లో లేదు. టీవీ సెట్టింగుల్లో డిజిటల్ ఆడియోను పీసీఎంకు (కుదించని మామూలు ఆడియో) మార్చండి.

బ్లూటూత్ పాటలకే, సినిమాల్లో పెదాలు ముందు, మాట వెనక. పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ) వాట్లు ఉత్త గొప్పలు, ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇచ్చే) వాట్లు చూడండి. వెనక రంధ్రం ఉన్న స్పీకర్లను గోడకు కనీసం 20 సెం.మీ. ఎడంగా పెట్టండి, లేకపోతే బేస్ ఉబ్బిపోయి మాటల్ని మింగేస్తుంది.