వీధి వెడల్పు మొదటి మంచుకే తేలిపోతుంది

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

డిసెంబరు వచ్చిందంటే నాకొచ్చే ఉత్తరాల్లో ఎక్కువ భాగం మంచు గురించీ, కారు ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ గురించే. మిన్నెసోటాలోని ఒక చిన్న నగరపాలక సంస్థలో, రోడ్డు మీది మంచును నెట్టే ప్లౌ ట్రక్కులకు రూట్లు వేసే ఇంజినీరుగా పనిచేసి రిటైరయ్యాను. అందుకని ఈసారి శీర్షికంతా దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మేడమ్, ఈమధ్యే షికాగోకి మారాం. మా వీధిలో డిసెంబరు 1 నుంచి ఏప్రిల్ 1 దాకా రాత్రి 3 నుంచి ఉదయం 7 వరకు పార్కింగ్ నిషేధమని బోర్డు ఉంది. మంచు పడని రోజున కూడా కార్లు లాక్కెళ్తారట. మంచే లేనప్పుడు ఈ రూల్ దేనికి?

మీరు విన్నది నిజమే. షికాగోలో దాదాపు 107 మైళ్ల ప్రధాన రోడ్ల మీద ఈ నిషేధం ఉంది. దానికి మంచుతో సంబంధం లేదు, తేదీతోనే సంబంధం. కారు లాక్కెళ్తే టోయింగ్‌కి కనీసం 150 డాలర్లు, టికెట్ 60 డాలర్లు, ఆపైన లాక్కెళ్లిన కార్లు ఉంచే యార్డులో ఉన్న ప్రతి రోజుకూ 25 డాలర్లు. ఇవి కాక ఇంకో 500 మైళ్ల రోడ్లకు వేరే రూల్ ఉంది. అక్కడ రెండంగుళాల మంచు పడితేనే నిషేధం అమల్లోకి వస్తుంది. రెండు బోర్డులూ ఒకటే అనుకోకండి, మీ వీధిలో ఉన్నది ఏదో ఆగి పూర్తిగా చదవండి.

కారణం చెప్తాను. రాత్రి రెండింటికి మంచు మొదలైతే, అప్పుడు వేలమందిని నిద్రలేపి కార్లు తీయించడం ఎవరివల్లా కాదు. బస్సులు, అంబులెన్సులు నడిచే దారులు మంచు కరగడానికి ఉప్పు చల్లే ట్రక్కు వచ్చే వేళకే ఖాళీగా ఉండాలి. ఒక్కో రాత్రి ఒక్కో రూల్ పెడితే జనం గుర్తుపెట్టుకోలేరు. నాలుగు నెలలూ ఒకే రూల్ ఉంటే అలవాటైపోతుంది.

షికాగో దీన్ని ఇంత గట్టిగా పట్టుకోవడం వెనక చరిత్ర కూడా ఉంది. 1979 జనవరిలో వచ్చిన మంచు తుఫానుకు వీధులు రోజుల తరబడి తెరుచుకోలేదు. ఆ మరుసటి నెల ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, మేయర్ మైకేల్ బిలాండిక్, జేన్ బర్న్ చేతిలో ఓడిపోయారు. దానికి పదేళ్ల ముందు, 1969 ఫిబ్రవరిలో, న్యూయార్క్‌లోని క్వీన్స్ వీధులు మంచులో ఉండిపోయినందుకు మేయర్ జాన్ లిండ్సే అక్కడి జనం చేత చీవాట్లు తిన్నారు. మంచు దగ్గర నగరపాలకులు ఎందుకంత కంగారు పడతారో చెప్పడానికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

ప్రశ్న: మినియాపొలిస్‌లో ఉంటున్నాం. స్నో ఎమర్జెన్సీ అన్నప్పుడల్లా డే 1, డే 2, డే 3 అంటారు. ఎన్నిసార్లు చదివినా తికమకే. కాస్త విడమరిచి చెప్పగలరా? పైగా, ప్లౌ ట్రక్కు నా కారు పక్కనుంచి పోవచ్చు కదా, ఎందుకు తీయాలి?

ముందు రూల్ చెప్తాను. స్నో ఎమర్జెన్సీ అంటే పెద్ద మంచు పడినప్పుడు వీధులు శుభ్రం చేయడానికి నగరం పెట్టే పార్కింగ్ ఆంక్షలు. ఆ ప్రకటన సాయంత్రం 6 లోపే వస్తుంది. డే 1 ఆ రాత్రి 9కి మొదలై ఉదయం 8 దాకా. ఆ సమయంలో స్నో ఎమర్జెన్సీ రూట్లలో రెండు వైపులా కారు పెట్టకూడదు. వీధి పేరు నీలం రంగు బోర్డు మీద ఉంటే అది ఆ రూటే. డే 2 మర్నాడు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా. అప్పుడు మిగతా వీధుల్లో సరి సంఖ్య ఇళ్లున్న వైపు పెట్టకూడదు. డే 3 ఆ మర్నాడు అవే వేళల్లో, బేసి సంఖ్య వైపు. మీ వైపు రోడ్డు అంచు దాకా మంచు పూర్తిగా తీసేశాక మళ్లీ పెట్టుకోవచ్చు.

చాలామంది దొరికిపోయేది డే 1కీ డే 2కీ మధ్య. పేరుకి మూడు రోజులు గానీ మొత్తం రెండు రోజులు కూడా ఉండదు. రాత్రి పెద్ద రోడ్డు మీద నుంచి కారు తీసి పక్క వీధిలో సరి వైపు పెట్టి, హమ్మయ్య అని పడుకుంటారు. ఉదయం 8కల్లా ఆ చోటే తప్పవుతుంది. అందుకని రాత్రే బేసి వైపు చోటు వెతుక్కోండి.

ఇక మీ రెండో ప్రశ్న. పక్కనుంచి పోతే ఏమవుతుందో ఈ పనిలో ఉన్నవాళ్లకు తప్ప తెలియదు, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇక్కడ ప్లౌ మంచును ఎత్తుకెళ్లదు, పక్కకు నెడుతుంది, అంతే. దారిలో మీ కారుంటే దాన్ని తప్పించుకుని పోతుంది. మీరు కారు తీశాక అక్కడ కారు చుట్టూ పేరుకున్న మంచు గట్టులా మిగులుతుంది. రాత్రి చలికి అది రాయిలా బిగుస్తుంది. తర్వాతి మంచుకు ట్రక్కు వచ్చినా ఆ గట్టును కదిలించలేదు, దాన్ని ఒరుసుకుంటూ పోతుంది. ఇప్పుడు పార్క్ చేసేవాళ్లు ఆ గట్టుకు ఇవతల, అంటే రోడ్డు మధ్యకు జరిగి పెడతారు. మళ్లీ మంచు పడుతుంది, ఇంకో గట్టు. ఎండ సరిగ్గా తగలని వీధుల్లో ఇది మార్చి దాకా కరగదు. మొదటి పెద్ద మంచు నాడు రోడ్డు అంచు దాకా తీశారా లేదా అన్నదాని మీదే ఆ చలికాలమంతా ఆ వీధి వెడల్పు ఆధారపడుతుంది.

వీధి ఇరుకైతే మొదట ఆగిపోయేది ఫైరింజనే. మినియాపొలిస్‌లోనే 2023 జనవరి చివర్లో ఇదే పరిస్థితి వచ్చి, చిన్న వీధుల్లో సరి వైపు పార్కింగ్‌ను వారాల తరబడి నిషేధించాల్సి వచ్చింది. మీరొక్కరు కారు తీయకపోతే ఆ నష్టం ఒక్క రోజుతో పోదు, మీ వీధిలో అందరికీ వసంతం దాకా ఉంటుంది. నాకు ఈ విషయంలో నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే టికెట్ గురించి ఆలోచించినంతగా ఎవరూ దీని గురించి ఆలోచించరు.

ఇంకో మాట. మంచులో పూర్తిగా కూరుకుపోయిన కారు, ఉత్త మంచు కుప్ప తెల్లవారుజామున డ్రైవర్ కంటికి ఒకేలా కనిపిస్తాయి. మా డ్రైవర్లు అన్నిటికంటే ఎక్కువ భయపడింది దానికే. ఎక్కడ పెట్టినా అద్దాలైనా తుడిచి ఉంచండి.

ప్రశ్న: గంటసేపు నడుం విరిగేలా డ్రైవ్‌వే శుభ్రం చేస్తాను. పది నిమిషాల్లో ప్లౌ వచ్చి మొత్తం అడ్డంగా పోసి పోతుంది. వాళ్లకు కావాలని చేసే సరదానా?

కాదమ్మా. వాహనాలు కుడి పక్కన నడిచే దేశాల్లో ప్లౌ ముందుండే బ్లేడు కుడికి వాలి ఉంటుంది, మంచంతా మీ ఇంటి వైపే వస్తుంది. ప్రతి డ్రైవ్‌వే దగ్గరా బ్లేడు ఎత్తుకుంటూ పోతే ఆ రూటు తెల్లారేలోపు పూర్తికాదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. డ్రైవ్‌వేలో వీధికి ఎదురుగా నిలబడండి. ప్లౌ మీ ఎడమ నుంచి వస్తుంది. తీసిన మంచునంతా కుడి వైపు వేయండి. డ్రైవ్‌వేకి ఎడమ పక్కన, రోడ్డు అంచు వెంబడి ఒక కారు పట్టేంత చోటు ఖాళీ చేయండి. బ్లేడు మీద ఉన్న మంచు చాలావరకు ఆ ఖాళీలో రాలిపోయాక మీ డ్రైవ్‌వే వస్తుంది. మంచును రోడ్డు మీదకు మాత్రం విసరకండి. చాలా నగరాల్లో అది జరిమానా పడే పని, వెనక వచ్చే కారుకు ప్రమాదం కూడా.

ప్రశ్న: బోస్టన్‌లో ఖాళీ పార్కింగ్ చోటులో ఎవరో పాత కుర్చీ పెట్టారు. వీధి అందరిదీ కదా, కుర్చీ జరిపి నా కారు పెట్టుకోవచ్చా?

వీధి అందరిదే. అయినా జరపవద్దనే చెప్తాను. బోస్టన్‌లో స్నో ఎమర్జెన్సీ ఎత్తేశాక 48 గంటల వరకు ఇలా చోటు పట్టుకోవడాన్ని నగరం ఒప్పుకుంటుంది. సౌత్ ఎండ్ అనే పేటలో మాత్రం అది కుదరదు. ఆ గడువు దాటాక కుర్చీలను చెత్తతోపాటు తీసుకుపోతారు. షికాగోలో దీన్ని డిబ్స్ అంటారు. చట్టం ఒప్పుకోకపోయినా జనం పాటిస్తారు.

నా అభిప్రాయం అడిగితే, రెండు రోజుల గడువు న్యాయమే. పార పట్టుకుని ఆ చోటు తవ్వినవాళ్ల కష్టానికి ఆ మాత్రం విలువ ఉండాలి. మూడు వారాల పాటు కుర్చీ ఉంచేసుకుంటే మాత్రం అది ఆక్రమణే. అయినా తగువుకు దిగకండి. చోటు కోసం టైర్లు కోసిన సంఘటనలు జరిగాయి.

ప్రశ్న: మాంట్రియల్‌కి వచ్చి మొదటి చలికాలం. పొద్దున్నే లేచేసరికి నా కారు లేదు, నిన్నటి మంచు కూడా లేదు! పక్కింటాయన "రెండు వీధుల అవతల చూడు" అన్నారు. అక్కడే దొరికింది. ఏమిటీ పద్ధతి?

మాంట్రియల్ చేసే పని నాకు చాలా ఇష్టం. సుమారు 10,000 కిలోమీటర్ల వీధులు, కాలిబాటల మీద మంచును నెట్టి ఊరుకోరు, ఎత్తుకుపోతారు. పెద్ద బ్లోయర్ మంచును పక్కనే నడిచే లారీలోకి ఊదుతుంది. ఆ లారీలు దాన్ని ఫ్రాంకాన్ క్వారీ లాంటి పాత రాతి గనుల్లోనో, మురుగు కాలవల్లోకి వెళ్లే గుంటల్లోనో పోస్తాయి. అందుకే అక్కడ కార్లు పూర్తిగా తీయాలి. ముందుగా నారింజ రంగు బోర్డులు పెట్టి వేళలు రాస్తారు. పని మొదలయ్యే ముందు టో ట్రక్కు సైరన్ మోగిస్తుంది. అప్పటికీ తీయకపోతే కారును దగ్గర్లోని వేరే వీధికి లాగి, టికెట్ కూడా పెడతారు. ఇన్ఫో-నేజ్ అనే యాప్ ఉంది, మీ వీధికి ఎప్పుడు వస్తున్నారో చూపిస్తుంది. ఈరోజే ఫోన్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: చలి బాగా ముదిరిన రోజుల్లోనే ఉప్పు చల్లడం తగ్గిస్తారెందుకు? డబ్బు మిగుల్చుకోవడానికా?

పని చేయదు కాబట్టి. మామూలు ఉప్పు సుమారు మైనస్ 9 డిగ్రీల సెల్సియస్ దాకా బాగా కరిగిస్తుంది, ఆ కింద నత్తనడకే. అప్పుడు పట్టు కోసం ఇసుక చల్లుతారు, లేదా కాల్షియం క్లోరైడ్ కలుపుతారు. తుఫానుకు ముందే ఉప్పు నీళ్లు చారలుగా పిచికారీ చేయడం ఇంకా మంచి పద్ధతి. మంచు రోడ్డుకు అంటుకోకుండా ఆపుతుంది, ఉప్పూ తక్కువే పడుతుంది. మీ మెట్ల మీద కూడా గుప్పెళ్లతో చల్లకండి. ఒక టీస్పూన్ ఉప్పు ఐదు గ్యాలన్ల నీటిని పాడుచేస్తుందని మిన్నెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెప్తుంది. చెరువులో చేరిన ఉప్పును తీసే మార్గం లేదు.

ప్రశ్న: సెలవులకు నెల రోజులు ఊళ్లో ఉండం. మాకు గరాజ్ లేదు. కారు వీధిలో వదిలి వెళ్లొచ్చా?

వదలకండి. చాలా నగరాల్లో కారును ఒకేచోట రోజుల తరబడి కదపకుండా ఉంచడమే తప్పు, మంచు పడితే అది రెండు తప్పులవుతుంది. గరాజ్ ఉన్న స్నేహితుల ఇంట్లో పెట్టడం అన్నిటికంటే మేలు. లేకపోతే నెలవారీ అద్దెకు గరాజ్ తీసుకోండి, టోయింగ్, యార్డు అద్దె కంటే అది చవకే అవుతుంది. తాళాలు ఎవరికైనా ఇచ్చి వెళ్తుంటే, స్నో ఎమర్జెన్సీ మెసేజ్‌లు మీ నంబరుకి కాకుండా వాళ్ల నంబరుకి వెళ్లేలా నగరం వెబ్‌సైట్‌లో ముందే నమోదు చేయించండి. బ్యాటరీ బలహీనంగా ఉంటే వెళ్లేముందే మార్పించండి. తాళం చేతిలో ఉన్నా బండి కదలకపోతే వాళ్లేం చేయలేరు.