ఏనుగు మొత్తాన్ని చూసిందెవరు సార్?

ఉన్నత పాఠశాలలో మతాలను, తత్వశాస్త్రాన్ని బోధించే ఉపాధ్యాయుడు తన సొంత నమ్మకాలను పక్కన పెట్టి పాఠం చెప్పగలడా అని మీరు అడిగారు. చెప్పలేడు. పన్నెండేళ్లుగా ఇవే పాఠాలు చెబుతున్న అనుభవంతో అంటున్నాను: తాను ఏ పక్షమూ వహించడం లేదని గట్టిగా నమ్మే ఉపాధ్యాయుడే అందరికంటే ఎక్కువగా తన అభిప్రాయాన్ని పిల్లల తలకెక్కిస్తాడు.

నేనూ ఎక్కించాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏట, తొమ్మిదో తరగతిలో వేర్వేరు మతాల పిల్లల మధ్య వాదన ముదురుతుంటే, దాన్ని చల్లార్చడానికి అంధగజ న్యాయం, అంటే గుడ్డివాళ్లు ఏనుగును తడిమి చూసిన కథ, చెప్పాను. చెవి తడిమినవాడు ఏనుగు చేటలా ఉందన్నాడు, కాలు తడిమినవాడు స్తంభంలా ఉందన్నాడు, దంతం తడిమినవాడు నాగటి కర్రులా ఉందన్నాడు. మతాలూ అంతే, అన్నీ ఒకే సత్యానికి ముక్కలు అని ముగించి, తగవు తీర్చానన్న తృప్తితో బోర్డు తుడవబోయాను. వెనక బెంచీలో ఒక అమ్మాయి లేచి, "అది ఏనుగేనని కథ చెప్పేవాడికి ఎలా తెలిసింది సార్? వాడికి కళ్లున్నాయనే కదా. అయితే మాకెవరికీ కళ్లు లేవు, మీకు మాత్రం ఉన్నాయా?" అని అడిగింది. ఆ గొంతులో వెటకారం ఏమాత్రం లేకపోవడం వల్ల నాకు మరింత ఇబ్బంది కలిగింది.

ఆ రాత్రి కథ మూలాలను వెతికాను. పాలి భాషలోని 'ఉదానం' అనే బౌద్ధ గ్రంథంలో శ్రావస్తి రాజు పుట్టంధులను పోగుచేసి ఏనుగును తడిమిస్తాడు. వాళ్లు పిడికిళ్లతో కొట్టుకుంటుంటే చూసి ఆనందిస్తాడు. బుద్ధుడు ఈ కథ చెప్పింది మతాలన్నీ ఒకటేనని నిరూపించడానికి కాదు, ధర్మమేదో తెలియక వాదులాడుకునే ఇతర పరివ్రాజకులు, అంటే ఊరూరా తిరిగే సన్యాసులు, ఆ అంధుల వంటివారని చెప్పడానికి. జైనులు ఇదే కథతో అనేకాంతవాదాన్ని, అంటే సత్యానికి అనేక పార్శ్వాలుంటాయన్న తమ సిద్ధాంతాన్ని, వివరిస్తారు. ప్రతి వాక్యానికీ ముందు 'స్యాత్', అంటే 'ఒక విధంగా చూస్తే', అని చేర్చుకోమంటారు. అయితే కేవలజ్ఞానం, అంటే సంపూర్ణ జ్ఞానం, పొందినవారికి సమస్తమూ కనిపిస్తుందని వారూ నమ్ముతారు. అంటే ఇద్దరి దృష్టిలోనూ ఏనుగును మొత్తంగా చూడగలిగినవారు ఉన్నారు. నేను చెప్పిన 'అన్నీ ఒకటే' అన్న మాట వీరిద్దరిదీ కాదు. అది నా సొంత మతం, దాన్ని పాఠమనే పేరుతో చెలామణి చేశాను.

మరుసటి పీరియడ్‌లో ఈ సంగతంతా దాచకుండా చెప్పాను. అంతవరకు నోరు విప్పని ఒక అబ్బాయి, "వాళ్లు కొట్టుకునే బదులు నాలుగడుగులు పక్కకు జరిగి తడిమి ఉండాల్సింది కదా సార్?" అన్నాడు. ఈ విషయానికి అంతకంటే మంచి బోధనా పద్ధతిని నేను ఇంతవరకు వినలేదు. ప్రశ్నపత్రం మాత్రం ఇప్పటికీ మతాన్ని, గ్రంథాన్ని, ప్రార్థనా స్థలాన్ని జతపరచమనే అడుగుతుంది; ఖాళీ పీరియడ్ ఉన్న ఏ ఉపాధ్యాయుడికైనా ఈ సబ్జెక్టును అంటగట్టవచ్చునన్న ధైర్యం పెద్దలకు అక్కడి నుంచే వస్తుందని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు ఏ పాఠంలోనైనా నా అభిప్రాయం దొర్లితే, అది నాదేనని అక్కడికక్కడే చెప్పి, దాన్ని ఖండించే పని పిల్లలకు అప్పగిస్తాను. "ఇంతకీ మీరు దేవుణ్ణి నమ్ముతారా సార్?" అన్న ప్రశ్నకు మాత్రం వార్షిక పరీక్షల మార్కులు వేసిన తర్వాతే జవాబిస్తాను. అప్పటికి ఆ ప్రశ్న గుర్తుంచుకుని వచ్చేది ఇద్దరో ముగ్గురో.