ఆనర్స్ కాలిక్యులస్ వదిలేయనా?

ప్రశ్న: అమెరికాలో బీఎస్ మొదటి సెమిస్టర్ చదువుతున్నాను. జేఈఈ కోచింగ్ ధీమాతో ఆనర్స్ కాలిక్యులస్ తీసుకున్నాను. అన్నీ నిరూపణలే! మిడ్‌టర్మ్‌లో సగం మార్కులు కూడా రాలేదు. మామూలు కాలిక్యులస్‌కి మారితే నాన్నగారు ఏమంటారో!
- ఓ విద్యార్థిని

జవాబు: నాన్నగారి సంగతి తర్వాత తల్లీ, ముందు వీసా చూసుకో. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద బీఎస్ చదివేవాళ్లకు సెమిస్టర్‌కి మామూలుగా 12 క్రెడిట్లకు తగ్గకూడదు. పాతది డ్రాప్ చేశాక కొత్తదాంట్లో సీటు లేదంటే చిక్కే. అందుకే ముందు సీటు ఖాయం చేసుకో, ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగాకే వదులు. డ్రాప్ గడువు దాటితే ట్రాన్‌స్క్రిప్ట్‌లో 'డబ్ల్యూ' (కోర్సు మధ్యలో వదిలేసినట్టు గుర్తు) పడొచ్చు. సాధారణంగా అది జీపీఏలో కలవదు.

ఇక లెక్కలు. ఎక్స్ 2కి దగ్గరైతే ఎక్స్ స్క్వేర్ 4కి దగ్గరవుతుందని ఇంటర్లో నోటికి చెప్పేసి ఉంటావు. ఆనర్స్‌లో ఎప్సిలాన్ (4కి ఎంత దగ్గరగా రావాలో) ఇచ్చి, దానికి తగిన డెల్టా (అందుకు ఎక్స్ 2కి ఎంత దగ్గరుండాలో) వెతికి నిరూపించమంటారు. కోచింగ్‌లో అది ఎవరు చేయించారు గనక? నీకు లెక్కలు రావని ఎవరన్నా అంటే పట్టించుకోకు. ఇంజనీరింగ్, కంప్యూటర్స్ వైపు వెళ్తానంటే మామూలు కోర్సు చాలు, నిక్షేపంగా మారిపో. మ్యాథ్స్ మేజరే కావాలంటే మాత్రం నిరూపణలు తప్పవు. చాలాచోట్ల వాటికి విడిగా పరిచయ కోర్సు ఉంటుంది, వచ్చే ఏడాది తీసుకోవచ్చు.

నాన్నగారికి ఫోన్ చేసినప్పుడు వీసాకి ఢోకా లేదన్న మాట ముందు చెప్పు. ర్యాంకు గురించి ఆయనే ఎత్తుతారులే.