బ్రేకు పడితే ముందు నుంచి ‘టక్’

ప్రశ్న: నాది 125 సీసీ బండి. పాల క్యాన్లు కట్టుకుని రోజూ ఊళ్లు తిరుగుతాను. ముందు బ్రేకు పట్టినప్పుడల్లా హ్యాండిల్ దగ్గర ‘టక్’మంటోంది. కుడివైపు షాకబ్జర్ పైపు మీద ఆయిల్ జిడ్డు కూడా కనిపిస్తోంది. మెకానిక్ పైపులు వంగాయి, రెండు ఫోర్కులూ (ముందు షాకబ్జర్లు) మార్చాలంటున్నాడు. నిజమేనా? ఇంట్లో చూసుకోవచ్చా?
- ఒక పాల వ్యాపారి, సత్తుపల్లి

జవాబు: డబ్బు తీయడానికి ఇంకా టైముంది, ఆగండి. ఆ శబ్దం వేరు, ఆ జిడ్డు వేరు. రెండూ కలిపి ఒకే బిల్లు వేస్తున్నారేమో చూద్దాం.

ముందు శబ్దం సంగతి. క్యాన్లు దించి, సెంటర్ స్టాండ్ వేసి, ముందు చక్రం గాల్లోకి లేచేలా వెనక ఎవరినైనా కూర్చోబెట్టండి. ఫోర్కులను కిందివైపు రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ ఊపండి. అదే సమయంలో ఇంకొకరు కింది టీ (రెండు ఫోర్కులనూ కలిపి పట్టుకునే కింది పట్టీ), ఫ్రేము కలిసేచోట వేలు పెట్టి చూడాలి. అక్కడ కదలిక తగిలితే అది కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే మెడలోని బాల్ బేరింగులు) లూజు, ఫోర్కు తప్పేమీ లేదు. తర్వాత హ్యాండిల్‌ను మెల్లగా ఆ కొస నుంచి ఈ కొసకు తిప్పండి. సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు ఉంటే బాల్స్ కూర్చునే చోట గుంటలు పడ్డాయన్నమాట. బిగించి లాభం లేదు, కోన్ సెట్ మార్చాల్సిందే. గుంటల రోడ్ల మీద తిరిగే బండికి ఇది మామూలే. మెడ దగ్గర కదలిక లేకుండా పైపు, అది దిగే కింది గొట్టం మధ్య ఆడుతుంటే మాత్రం ఫోర్కు లోపల అరిగినట్టు. చక్రాన్ని పక్కలకు ఊపితే ఆడుతోందా? అది చక్రం బేరింగు లూజు.

ఇక ఆయిల్. పైపును పొడిగుడ్డతో శుభ్రంగా తుడవండి. స్టాండు తీసి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిల్ మీద బరువేసి పదిసార్లు నొక్కండి. మళ్లీ తడి వలయం కనిపిస్తే ఆయిల్ సీల్ (ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోయింది. నొక్కి వదిలాక ముందుభాగం ఒకసారి పైకి లేచి ఆగిపోవాలి. రెండు మూడుసార్లు ఊగితే లోపల ఆయిల్ తగ్గింది, లేదా పాతబడింది. అలాగే పైపు పొడవునా గోరుతో రాసి చూడండి. తుప్పు గుంట గోరుకు తగిలితే కొత్త సీలు వేసినా కొద్దిరోజుల్లో మళ్లీ కారుతుంది.

సీళ్లు రెండు వైపులా మార్పించండి. ఆయిల్ రకం, కొలత బండితో ఇచ్చిన పుస్తకంలో ఎంత ఉంటే అంతే, రెండు వైపులా సమానంగా. బరువు మోస్తున్నాం కదా అని ఎక్కువ పోయిస్తే ఫోర్కు రాయిలా అయి సీళ్లు తన్నేస్తాయి. ఫోర్కు పైన బోల్టు మాత్రం ఇంట్లో విప్పకండి. కింద స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది, మొహానికి తగులుతుంది. ఆయిల్ కారి బ్రేకు డిస్కు మీదకు చేరిందంటే ఆ పూట బండి తీయొద్దు.

పైపులు వంగాయన్న మాటంటారా, విప్పాక వాటిని మీ ఎదుటే గాజు పలక మీద దొర్లించమనండి. వంకర ఉంటే ఎగుడుదిగుడుగా దొర్లుతుంది, మీ కంటికే తెలుస్తుంది.