మొగ దగ్గర మొదలుపెట్టు

చిరంజీవి అల్లుడికి,

మావయ్య దీవెనలు. భీమిలిలో మీ కుర్రాళ్లంతా కలిసి సముద్రంలో ప్లాస్టిక్ సంగతి చూడాలనుకుంటున్నారని అక్క ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. ఆదివారాలు ఒడ్డున చెత్త ఏరుతామన్నారట. ఏరండి, వద్దనను. కానీ ఒడ్డున కనబడేది సముద్రం తిరిగిచ్చిన కాస్తే. నీళ్ల సీసా మూత తేలుతుంది, మూత ఊడిన సీసా నీళ్లు నిండి మునిగిపోతుంది. బోటు వెనక లాగే ట్రాలు వల పీలికలు తేలుతాయి, నైలాన్ వల అడుక్కి పోతుంది. మీ సంచిలో పడేవన్నీ తేలే రకాలే. అడుక్కి పోయినదాన్ని మళ్లీ పైకి తెచ్చేది వేటకెళ్లే బోట్లే. అందుకని ముందు నీళ్లలోకి దిగేదాన్ని ఆపు, తర్వాత బోట్ల దగ్గరికి వెళ్లు, ఒడ్డు ఆఖరికి.

దిగేదాన్ని ఆపాల్సింది మొగ దగ్గర. అంటే గోస్తని ఏరు సముద్రంలో కలిసేచోట, ఊళ్లోంచి వచ్చే గెడ్డలు, వాగులు కలిసేచోట. ఎండాకాలమంతా గెడ్డలో పేరుకున్న కవర్లు, గ్లాసులు తొలి వానకి ఒక్కసారిగా కదులుతాయి. ఆ వాన పడకముందే, మే నెలాఖరులోగా, గెడ్డలు ఖాళీ చెయ్యండి. ఎండిన గెడ్డలో పార పట్టుకుని చేసే పని, అదే చెత్త అలల్లో పడ్డాక పదిమంది చేసినా తెమలదు.

చిన్న గెడ్డకి పాత ట్రాలు వల అడ్డం కట్టొచ్చు. ముందు జీవీఎంసీ, అదే విశాఖ కార్పొరేషన్, వాళ్లతో మాట్లాడి ఒప్పించు. తిన్నగా కట్టకు, ఏటవాలుగా కట్టు. అప్పుడు చెత్త నడి గెడ్డలో ఆగకుండా ఒక గట్టుకి చేరుతుంది, నీళ్లలో దిగకుండానే తీయొచ్చు. పైతాడుకి తేలే బెండ్లు కట్టి, కింద మూరెడు ఖాళీ వదులు, నీళ్లూ చేపపిల్లలూ పోవాలి కదా. రోజూ పొద్దున్నే ఖాళీ చెయ్యాలి. తుపాను కబురు వినగానే విప్పెయ్యాలి. విప్పకపోతే వరదకి ఆ వలే తెగి సముద్రం పాలవుతుంది. విప్పే మనిషి ఎవరో ముందే పేరుపెట్టి అనుకోండి.

ఇక బోట్లు. కేరళలో కొల్లం దగ్గర నీండకర రేవులో 2017లో శుచిత్వ సాగరం అని ఒక పథకం పెట్టారు. వలలో చేపతో పాటు పడ్డ ప్లాస్టిక్‌ని తిరిగి నీళ్లలోకి విసరకుండా సంచిలో వేసి రేవుకి తెచ్చేలా బోట్లవాళ్లని ఒప్పించారు. మొదటి పది నెలల్లోనే 25 టన్నులు బయటికొచ్చింది. రేవులో ఆడవాళ్లు దాన్ని కడిగి, వేరుచేసి, ముక్కలు కొట్టిస్తే, ఆ ముక్కలు తారులో కలిపి రోడ్లకి వాడారు. నాకు అందులో బాగా నచ్చింది తెచ్చిన చెత్త ఎక్కడికి పోవాలో ముందే చూసుకోవడం. నువ్వూ అదే చెయ్యి. సీసాలు, మంచి నైలాన్ వల పాత సామాన్ల కొట్టువాడు కొంటాడు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ పొట్లాలు ఎవరూ కొనరు, వాటికి దారి వేరే చూడాలి. ఇసుక, ఉప్పు పోయేలా మంచినీళ్లతో కడిగితేనే ధర పలుకుతుంది. కొనేవీ కొననివీ కలిపేస్తే ఆ ధరా ఉండదు. ఏం చేసినా ఒడ్డున పెట్టి కాల్చకండి, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు.

బోటు నడిపే సరంగులతో మాట్లాడేటప్పుడు తప్పు పట్టినట్టు మాట్లాడకు. తెగిన వల ఎక్కడ పోయిందో చెప్పినవాణ్ణి ఎవరూ ఒక్క మాట అనకూడదు. మాట పడితే రెండోసారి చెప్పడు, ఆ వల నీళ్లలో ఎవరికీ అక్కరకి రాకుండా చేపల్ని చంపుతూనే ఉంటుంది. చోటు జీపీఎస్‌లో గుర్తుపెట్టుకుని చెప్పమను, అటు వెళ్లే బోటు తీసుకొస్తుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కదా, మీకు అదే మంచి అదను. అందరూ ఒడ్డునే కూర్చుని వలలు బాగుచేసుకుంటారు. చిరుగు చుట్టూ కోసిన ప్రతిసారీ వేలెడేసి నైలాన్ తునక ఇసుకలో పడుతుంది. సాయంత్రానికి మనిషి చుట్టూ పచ్చగా పరుచుకుంటాయి. పోటొస్తే అవన్నీ నీళ్లలోకే. ఒక్కొక్కరి పక్కన ఒక ఖాళీ నూనె డబ్బా పెట్టు చాలు, ఉపన్యాసం అక్కర్లేదు.

చేపలమ్మే మన ఆడవాళ్లకీ చెప్పు. ఇంటి నుంచి గిన్నె తెచ్చినవాళ్లకి ఒక చిన్న చేప కొసరు వేస్తే కవరు అడిగేవాళ్లు తగ్గుతారు. 120 మైక్రాన్ల కన్నా పల్చటి కవర్లు 2022 డిసెంబర్ 31 నుంచే నిషేధమని దుకాణాలవాళ్లకి మర్యాదగా గుర్తుచెయ్యి.

ఒడ్డు ఏరడానికి అమావాస్య, పౌర్ణమి పోటు తీసిన మర్నాడు వెళ్లండి. చెత్తంతా పోటు నీళ్లు వచ్చి ఆగిన పై గీత మీద వరసగా ఉంటుంది. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు, అప్పుడు చేత్తోనే ఏరండి, ట్రాక్టరు తిప్పనివ్వకండి.

బోట్లకి సంచులు పాత వల గుడ్డతోనే కుట్టించు, నీళ్లు కారిపోతాయి, కంపు కొట్టదు. మీ అత్త కుడతానంది. బోటుకి రెండు చొప్పున ఎన్ని కావాలో లెక్క రాసి పంపు, వల నేను హార్బర్లో చూసి ఉంచుతాను.

నీ మావయ్య