ఫిలాసఫీ చదివితే ఉద్యోగం వస్తుందా అని అడిగిన గాజువాక నాన్నగారికి

సార్ నమస్తే. మీ అమ్మాయి బైపీసీ సెకండియర్, నీట్‌కి ప్రిపేర్ అవుతోంది, మొన్న వాళ్ళ మామ్మకి గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయ్యి కళ్ళు తెరిచాక "ఇంకా మొదలెట్టలేదేటమ్మా?" అని అడిగిందట, ఆ రెండు గంటలు మామ్మ ఎక్కడుంది అన్న ప్రశ్న పట్టుకుని ఇప్పుడు ఫిలాసఫీ ఆఫ్ మైండ్, అంటే మనసు, స్పృహ అంటే ఏంటో ఆలోచించే ఫిలాసఫీ చదువుతానంటోంది, మీకు నిద్ర పట్టట్లేదు. అంతే కదా.

సార్, అది పిల్లచేష్ట కాదు. నిద్రలేస్తే కొంత టైమ్ గడిచిందని మనకి తెలుస్తుంది, మత్తులోంచి లేస్తే చాలామందికి అది కూడా తెలీదు, మధ్యలో రెండు గంటలు కత్తిరించేసినట్టు ఉంటుంది. మెదడులో కరెంటూ కెమికల్సూ తిరుగుతుంటే "నేను" అనే అనుభవం ఎందుకు పుడుతోంది అన్నదాన్నే 1995లో డేవిడ్ చామర్స్ అనే ఫిలాసఫర్ హార్డ్ ప్రాబ్లమ్ అన్నాడు. క్రిస్టాఫ్ కోఖ్ అనే న్యూరోసైంటిస్టు 25 ఏళ్ళలో మెదడులో స్పృహకి స్పష్టమైన గుర్తు పట్టేస్తామని 1998లో ఈయనతో పందెం కాసి 2023లో ఓడిపోయానని ఒప్పుకుని వైన్ సీసాలు ఇచ్చాడు. అంటే పని ఇంకా మిగిలే ఉంది సార్, మీ అమ్మాయికి కూడా.

దీనివల్ల ఎవరికి లాభం అన్నారు. 2006లో వచ్చిన ఒక పేపర్ చెప్తాను. రోడ్డు యాక్సిడెంట్ తర్వాత 23 ఏళ్ళ అమ్మాయి కళ్ళు తెరిచే ఉంది గానీ ఎవరు పిలిచినా పలకదు, స్పృహ లేదనే అనుకున్నారు. ఏడ్రియన్ ఓవెన్ అనే న్యూరోసైంటిస్టు టీమ్ ఆమెని మెదడు స్కానర్‌లో పెట్టి "టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకో" అన్నారు, అంతే, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు అలా ఊహించుకున్నప్పుడు మెదడులో ఏ భాగం వెలుగుతుందో ఆమెకీ అదే వెలిగింది. ఆ మంచం పక్కన కూర్చున్న తల్లిదండ్రులు మీరే అయితే ఎలా ఉంటుందో ఒక్కసారి అనుకోండి.

ఇక దారి. నీట్ ఈసారి రాయనివ్వండి, సీటొస్తే అనస్థీషియా, న్యూరాలజీ కూడా ఈ ప్రశ్న దగ్గరికే తీసుకెళ్తాయి, మత్తు డాక్టరు రోజూ చేసేది స్పృహని ఆపి మళ్ళీ తేవడమే కదా. రాకపోతే మాత్రం దయచేసి లాంగ్‌టర్మ్‌లో వెయ్యకండి, మనసు ఒకచోట పెట్టుకున్న పిల్లని ఇంకో ఏడాది హాస్టల్లో కూర్చోబెడితే రెండూ పోతాయి. డిగ్రీలో సైకాలజీ, దాంతోపాటు స్టాటిస్టిక్స్, కొంచెం పైథాన్ ప్రోగ్రామింగ్. ఫిలాసఫీ ఒక్కటే పట్టుకుని మొదలుపెట్టమని నేను చెప్పను, చేతిలో ఒక పని ఉంటే ఆలోచనకి ధైర్యం ఉంటుంది. తర్వాత పీజీకి ఐఐటీ గాంధీనగర్‌లో కాగ్నిటివ్ సైన్స్ (మనసు, మెదడు ఎలా పనిచేస్తాయో చదివేది), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్స్ ఉన్నాయి, ఎవరికి అర్హతో ఆ ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోండి. ఫిలాసఫీలోనే ఉండాలనుకుంటే ఎంఏ చేసి యూజీసీ నెట్ (లెక్చరర్ అర్హత పరీక్ష) రాయొచ్చు, అందులో జేఆర్‌ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే నెలకి 37,000, ఇంటిమీద ఆధారపడకుండా పీహెచ్‌డీ చేసుకోవచ్చు. కాన్షస్‌నెస్ (స్పృహ) అని బోర్డు పెట్టుకున్న ఉద్యోగం ఉండదు, క్లినికల్ సైకాలజీ, లెక్చరర్, యూజర్ రీసెర్చ్ (యాప్‌లు, వస్తువులు జనం ఎలా వాడుతున్నారో చూసే పని), ఇలాంటివే ఉంటాయి, ఇది అమ్మాయికి కూడా దాచకుండా చెప్పండి.

ఇంకోటి, మీకు దూరం కూడా కాదు, మన ఆంధ్రా యూనివర్సిటీలోనే ఫిలాసఫీ, సైకాలజీ రెండు డిపార్ట్‌మెంట్లూ ఉన్నాయి, చైతన్యం మీద ఏళ్ళ తరబడి రాసిన కోనేరు రామకృష్ణారావు గారు పనిచేసింది అక్కడే, తర్వాత వీసీ కూడా అయ్యారు. పరీక్షలయ్యాక ఒక పనిదినాన అమ్మాయిని తీసుకెళ్ళి రెండుచోట్లా పీజీ పిల్లలతో ఓ గంట మాట్లాడించండి, మీరు బయట చెట్టుకింద కూర్చోండి, తనే అడుగుతుంది.